బతకమనే కబురు

తొలకరి పడి పంటబోదెల్లో నీళ్ళు నిలిచాయంటే గోదావరి జిల్లాల్లో ముందు సందడి కప్పలదే. రాత్రంతా వాటి బెకబెకలతో నిద్ర పట్టదు. మరో పదిరోజులకి బోదె గట్టు మీద కూర్చుని చూస్తే, నల్లటి మినపగింజలకు తోకలు తగిలించినట్టు వందల కొద్దీ తోకకప్పలు. ఇంకొన్ని వారాలు పోనిచ్చి చూడండి. కాళ్ళొచ్చేస్తాయి, తోక మాయం!

ఆ తోక ఏమైందమ్మా అని పిల్లలు అడుగుతారు. ఊడి పడిపోయి ఉంటుందిలే అంటాం మనం, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయన్న కంగారులో. నిజానికి అది ఊడదు. బోదె అంతా గాలించినా ఊడిన తోక ఒక్కటీ దొరకదు. కప్ప తన తోకను తనే అరిగించుకుంటుంది. ఆ రోజుల్లో దానికి నోరూ, పేగులూ కూడా కొత్తగా తయారవుతూ ఉంటాయి కనుక తిండి మానేస్తుంది. తోకే దానికి చద్దన్నం అన్నమాట.

1912లో గుడెర్నాచ్ అనే ఆయన ఒక వింత చేశాడు. గుర్రపు థైరాయిడ్ గ్రంథిని ముక్కలు చేసి తోకకప్పలకు మేపాడు. అవి ఎదగకుండానే, ఈగలంతేసి ఉండగానే, తోకలు పోగొట్టుకుని కప్పలైపోయాయి. అంటే తోకకు చచ్చిపొమ్మని కబురు పంపేది థైరాయిడ్ అని తేలింది. తరవాత 1966లో లండన్‌లో జమ్‌షెడ్ టాటా అనే శాస్త్రజ్ఞుడు (పేరు చూస్తేనే మనవాడని తెలుస్తోందిగా) తోకల్ని కోసి గాజుపళ్ళెంలో పెట్టి, వాటి మీద ఆ హార్మోను వేసి చూశాడు. కప్ప లేకుండా ఒంటరిగా ఉన్న తోక కూడా కుంచించుకుపోయింది. అందులో అసలు విశేషం ఇంకొకటి. కొత్త ప్రోటీన్లు తయారు కాకుండా ఆపే మందు కూడా కలిపితే, హార్మోను ఉన్నా సరే తోక చావలేదు! చావడానికి కూడా తోక కష్టపడి పని చెయ్యాలి. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇంకో చిత్రం చెబుతాను. థైరాయిడ్ హార్మోను నెత్తురుతో పాటు ఒళ్ళంతా పారుతుంది. అదే హార్మోను కాలి దగ్గర "పెరుగు" అంటుంది, తోక దగ్గర "పో" అంటుంది. కబురు ఒకటే, అందుకున్నవాళ్ళు చదువుకునే తీరు వేరు. కబురు అందుకునే ఈ చెవినే గ్రాహకం అంటారు, ఇంగ్లీషులో రిసెప్టర్. కొన్ని గ్రాహకాలు కణం లోపల ఉంటాయి, చాలావరకు కణం గోడ మీద గుచ్చినట్టు ఉంటాయి. బయట నెత్తురులో ఎన్ని రకాల కబుర్లు పోతున్నా, ఒక్కో గ్రాహకం తనకి సరిపోయే కబురునే పట్టుకుంటుంది. రాజమండ్రి మెయిన్‌రోడ్డు గోలలో ఎవరెవర్నో పిలుస్తున్నా మనకి వినపడదు. మన పేరు పిలిస్తే మాత్రం చటుక్కున తల తిరుగుతుంది. అలాంటిదే.

ఈ చావు కబుర్లు కప్పలతో ఆగవు. తల్లి కడుపులో తొలి వారాల్లో పాప చేతికి వేళ్ళుండవు, చిన్న అట్లకాడలాంటి ముద్ద ఉంటుంది. వేళ్ళు రావాల్సిన చోట్లకి మధ్య ఉన్న కణాలకు చచ్చిపొమ్మని కబురు అందుతుంది. అవి పోతేనే వేళ్ళు విడివడతాయి. మరి బాతు సంగతేమిటి? వరికోతలయ్యాక మన చేలల్లో మందలు మందలుగా మేపుతారే, ఆ బాతులు. వాటి కాళ్ళకూ ఆ కబురు బయలుదేరుతుంది. కానీ బాతు కాలి వేళ్ళ మధ్య ఇంకో ప్రోటీను కాపలా కాసి, కబురు మోసుకొచ్చేదాన్ని గ్రాహకం దాకా రాకుండా దారిలోనే పట్టేసుకుంటుంది. అందువల్ల ఆ చర్మం బతికిపోయి తెడ్డయింది. బాతుకి ఈత వచ్చింది అలా. 1990లలో తెలిసిన సంగతి ఇది.

పిల్లకి పాలు మాన్పించాక తల్లికి కొన్నాళ్ళు బాధగా ఉండి, తరవాత ఒంట్లో అంతా సర్దుకుపోతుంది. ఆ సర్దుకోవడం అంటే ఏమిటో తెలుసునా? పాలు తయారు చేసిన కణాల్లో ఎక్కువ భాగం ఆ కొద్దిరోజుల్లో తమంతట తాము చచ్చిపోవడమే. పిల్ల తాగుతున్నంతకాలం "ఇంకా ఉండు" అనే కబురు వస్తూ ఉంటుంది. తాగడం మానేస్తే ఆ కబురు ఆగిపోతుంది. చీము లేదు, పుండు లేదు. పెళ్ళి అయిపోయాక పందిరి విప్పేసినట్టు విప్పేస్తుంది శరీరం.

ఈ చరిత్రలో మన డెల్టా మనిషి ఒకాయన ఉన్నారు. కణానికి ఇలా ముందే రాసిపెట్టిన చావు ఒకటి ఉంటుందని లోకానికి తెలిసే సరికి ఆయన లేరు. కానీ కథలో రెండుచోట్ల ఆయన చెయ్యి ఉంది, అదీ ముఖ్యమైన చోట్ల. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. పదమూడేళ్ళప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోతే, వెతికి పట్టుకుని తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. వెంకమ్మగారు ఒంటి మీది నగలు అమ్మి మద్రాసులో హిందూ హైస్కూలుకి పంపితే మూడోసారి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మఠంలో చేరిపోదామని చూశారట. తల్లి ఒప్పుకోలేదు. ఆ తల్లి "వద్దు" అనకపోతే మనమీవేళ ఈ కథ చెప్పుకునేవాళ్ళం కాము.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్ళారు. సర్జరీ చెప్పే దొరగారికి కోపమొచ్చింది. చదువులో లోటు లేకపోయినా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. 1919లో శేషగిరిగారితో పెళ్ళయింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నెత్తురు తగ్గిపోతుంది. మన వైద్యులు గ్రహణి అనే కోవలోది. సుబ్బారావుగారికీ అది సోకింది. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బతికి బయటపడ్డారు.

మామగారి సాయంతో 1922లో ఓడెక్కి అమెరికాలో బాస్టన్ చేరారు. ఆ వెళ్ళడం వెళ్ళడమే, మళ్ళీ ఇండియాకి రాలేదు. శేషగిరిగారు భర్తను మళ్ళీ చూడలేదు. ఆయన జీవితచరిత్రలో ప్రయోగాల గురించి పేజీలకు పేజీలున్నాయి గానీ, ఇరవైఆరేళ్ళు ఉత్తరాల కోసం ఎదురుచూసిన ఆవిడ గురించి మాత్రం నాలుగు ముక్కలకు మించి దొరకదు.

బాస్టన్‌లో ఫీజుకు డబ్బుల్లేక ఆస్పత్రిలో రాత్రిళ్ళు రోగుల బెడ్‌పాన్లు కడిగే పని చేశారు. పగలు హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర పరిశోధన. 1925లో ఇద్దరూ కలిసి నెత్తురులోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో రంగును బట్టి కనుక్కునే పద్ధతి తెచ్చారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివిన పిల్లలకు ఇప్పటికీ తెలుసు. ఆ పద్ధతితోనే కండరాల్లో వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ పట్టుకున్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు.

ఏటీపీ అంటే ఏమిటని హైస్కూలు పిల్లల్నడిగితే "కణానికి శక్తి" అని గడగడా అప్పజెబుతారు. ఇంటి ఆస్తి పొలంలోనూ బ్యాంకులోనూ ఉన్నా, కూరలవాడికి ఇవ్వాలంటే చేతిలో చిల్లరుండాలి కదా. తిన్న అన్నాన్ని కణం మార్చుకునే చిల్లర ఏటీపీ. కండరం ముడవాలన్నా, కన్ను ఆడాలన్నా ఆ చిల్లర ఖర్చు పెట్టాల్సిందే.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకి పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లే మందుల కంపెనీలో చేరి, అక్కడ పరిశోధనకి డైరెక్టరయ్యారు. మన డెల్టాలో బోదకాలు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ పురుగుల్ని చంపే హెట్రజాన్ ఆయన ఆధ్వర్యంలో వచ్చిందే. కానీ మన కథకు కావలసింది వేరే మందు. దానికోసం కొంచెం వెనక్కి, బొంబాయికి వెళ్ళాలి.

1930 ప్రాంతాల లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భవతులు నెత్తురు తగ్గి, పాలిపోయి, ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. ఎందుకని? అందరూ క్రిములు క్రిములంటుంటే ఆవిడ మాత్రం వాళ్ళ వంటిళ్ళు చూసింది, ఏం తింటున్నారో రాసుకుంది. తిండిలో ఏదో లోపిస్తోందని పట్టేసింది. ఈస్టుతో చేసిన మార్మైట్ అనే చవక పచ్చడిలాంటిది తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. 1931లో ఆవిడ ఇది ప్రకటించింది. ఆ లోపించిన పదార్థం ఏమిటో పదేళ్ళ దాకా తెలియలేదు. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర తెచ్చి, పిండి పిండి, చిటికెడంత తీశారు. ఆకులోంచి వచ్చింది కనుక లాటిన్‌లో ఆకును తలుచుకుని ఫోలిక్ ఆసిడ్ అన్నారు. ఆకుకూరలు తినవే అని అమ్మమ్మలు ఎందుకు పోరుపెట్టేవారో చూడండి మరి.

సుబ్బారావుగారికి ఇది ఉత్త ఆసక్తి కాదు. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి ఇది మందవుతుందేమోనన్న తపన. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని సొంతంగా తయారు చేసింది. స్ప్రూలో నెత్తురు లేమికి అది పనిచేసింది కూడాను. ఈ రోజున గర్భం ధరించాలనుకునే ప్రతి అమ్మాయికీ డాక్టర్లు రాసే చిన్న మాత్ర అదే. ముందునుంచీ వేసుకుంటే పాపాయి వెన్నెముక మూసుకోకపోవడమనే లోపం చాలావరకు తప్పుతుందని 1991లో పెద్ద పరీక్షలో రుజువైంది.

బాస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా, అంటే రక్తపు కాన్సరు, వచ్చిన పిల్లల్ని చూసేవాడు. చూసేవాడనడమే గానీ చెయ్యగలిగింది లేదు. వారాలు, లేదా నెలలు, అంతే. ఫోలిక్ ఆసిడ్ నెత్తురు బాగు చేస్తుందంటున్నారు కదా అని దానికి సంబంధించిన పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా కొందరిలో ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. అప్పుడు తట్టింది: ఫోలిక్ ఆసిడ్ తింటే కాన్సరు కణాలు పెరుగుతున్నాయంటే, దాన్ని అందకుండా చేస్తే?

అందకుండా చేసే మందు సుబ్బారావుగారి లేబొరేటరీలోనే తయారైంది. ఫోలిక్ ఆసిడ్ రూపంలో చిన్న మార్పు చేస్తే, చూడ్డానికి అచ్చం అలాగే ఉండి పని మాత్రం చెయ్యని నకిలీ పదార్థం తయారవుతుంది. కణం ద్వారాల దగ్గర ఫోలేట్‌ను లోపలికి చేర్చే గ్రాహకాలూ, వాహకాలూ ఉంటాయి. అవి ఈ నకిలీని అసలనుకుని సాదరంగా లోపలికి తీసుకుపోతాయి. లోపలికెళ్ళి అది అసలు కూర్చోవలసిన పీట మీద బైఠాయించి కదలదు. ఇక కొత్త డీఎన్‌ఏ తయారీ బందు. అలా వచ్చింది అమినాప్టెరిన్, దాని వెనకే కాస్త నెమ్మదైన మెథోట్రెక్సేట్.

1947 చివర్లో ఫార్బర్ అమినాప్టెరిన్ వెయ్యడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో ఫలితం ప్రకటించాడు. పదహారుమంది పిల్లలు. పదిమందిలో జబ్బు వెనక్కి తగ్గింది. మంచం దిగని పిల్లలు లేచి ఆడుకున్నారు. కాన్సరు చరిత్రలో అంతకుముందు అలాంటిది జరగలేదు. కానీ కొన్ని వారాలో నెలలో గడిచేసరికి జబ్బు తిరగబెట్టింది, ఈసారి మందుకు లొంగలేదు. ఆ తల్లుల సంగతి ఊహించుకోండి. పోయిందనుకున్న బిడ్డ లేచి అన్నం తిని, మళ్ళీ...

మందు ఎందుకు పనిచేసింది, తరవాత ఎందుకు మానేసింది? ఆ రోజున చెప్పగలవాళ్ళు లేరు. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే పోయారు. వయసు యాభైమూడు.

ఇక ఆయన చూడని కథ.

ఆయన లెడర్లేలో ఉన్న ఆ యుద్ధకాలంలోనే ఇటలీలో టూరిన్ పట్టణంలో రీటా లెవీ-మాంటల్చీనీ అనే యువతి, యూదురాలన్న కారణంగా ఉద్యోగం పోగొట్టుకుని, తన పడకగదినే లేబొరేటరీ చేసుకుంది. కుట్టుసూదుల్ని సానబెట్టి పనిముట్లు తయారు చేసుకుంది. బాంబులు పడుతుంటే పల్లెకి మకాం మార్చి, ఇల్లిల్లూ తిరిగి కోడిగుడ్లు అడిగి తెచ్చుకునేది. గుడ్డులోని పిండానికి ఒకవైపు అవయవం తీసేస్తే, అటు వెళ్ళవలసిన నరాల కణాలు పుట్టడం మానెయ్యవు, పుట్టి చచ్చిపోతాయని గమనించింది. అంటే అటునుంచి ఏదో అందాలి. యుద్ధమయ్యాక అమెరికా వెళ్ళి, స్టాన్లీ కోహెన్‌తో కలిసి 1950లలో ఆ "ఏదో" పట్టుకుంది. నరాల కణాలకు "బతుకు" అని చెప్పే ప్రోటీను అది. 1986లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆవిడ నూటమూడేళ్ళు బతికింది, పెళ్ళి చేసుకోలేదు, చివరిదాకా జుట్టూ చీరకట్టూ... సారీ, గౌనూ చక్కగా తీర్చుకునే ఉండేది.

1964లో హార్వర్డులోనే లాక్షిన్, విలియమ్స్ అనే ఇద్దరు పట్టుపురుగుల్ని పరిశీలించారు. సీతాకోకచిలుకలా గూట్లోంచి బయటికి రావడానికి వాడిన కండరాలు, బయటపడ్డాక పనిలేక చచ్చిపోతాయి. దీనికి "ముందే నిర్ణయమైన కణమరణం" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 1972లో స్కాట్లండులో అబర్దీన్‌లో కెర్, వైలీ, క్యూరీ అనే ముగ్గురు, కణాలు ఇలా ఒద్దికగా చావడం అన్ని అవయవాల్లోనూ ఉందని రాశారు. పేరు కోసం అక్కడి గ్రీకు ప్రొఫెసరునడిగితే ఆయన అపొప్టోసిస్ అన్నాడు. చెట్టునుంచి ఆకు రాలడం, పువ్వునుంచి రేకు రాలడం అని అర్థం. ఫోలిక్ ఆసిడ్ ఆకు, ఇదీ ఆకే! ఒకటి లాటిను ఆకు, ఒకటి గ్రీకు ఆకు.

ఒద్దిక అన్నాను కదా. దెబ్బ తగిలి చచ్చే కణం ఉబ్బి పగిలి, లోపలిదంతా చుట్టూ చిమ్మి, వాపూ నొప్పీ తెస్తుంది. ఇలా కబురు అందుకుని చచ్చేది ముడుచుకుని, తనని తాను చిన్నచిన్న మూటలు కట్టుకుంటుంది. పక్క కణాలు ఆ మూటల్ని మింగి అరిగించేసుకుంటాయి. మన ఒంట్లో రోజుకి అయిదువేల కోట్లకు పైగా కణాలు ఇలా పోతున్నాయని లెక్క. మనకు తెలియనైనా తెలియదు.

తరవాత్తరవాత వరసగా బయటపడ్డాయి. వెయ్యితొంభై కణాలు పుట్టే ఒక చిన్న పురుగులో సరిగ్గా నూటముప్ఫయ్యొకటి చచ్చి తీరతాయని లెక్కపెట్టినవాళ్ళకు 2002లో నోబెల్ వచ్చింది. 1989లో జపానులో ఒకరు, జర్మనీలో ఒకరు, కణం గోడ మీది ఒక గ్రాహకాన్ని తాకితే చాలు కణం చచ్చిపోతోందని చూశారు. దాన్ని ఫాస్ అన్నారు. 1991లో ఒసాకాలో నగాటా బృందం దాని జీన్‌ను పట్టుకుంది. ఈ రకానికి "మరణ గ్రాహకాలు" అనే పేరు స్థిరపడిపోయింది. పేరు భయంకరమే గానీ పని మంచిదే. వైరస్ పట్టిన కణాన్నీ, పనైపోయిన తెల్లకణాన్నీ వదిలించుకోవడానికి అదొక దారి. కబురు అందగానే గ్రాహకం లోపలి కొస దగ్గర కొన్ని ప్రోటీన్లు గుమికూడతాయి, కాస్పేజులనే కత్తెర్లు ఒరలోంచి బయటికొస్తాయి, కణాన్ని లోపల్నుంచి కత్తిరించడం మొదలవుతుంది.

1992లో లండన్‌లో మార్టిన్ రాఫ్ అనే ఆయన ఇంకో మాటన్నాడు. మరణ గ్రాహకం సరే, అసలు చాలా కణాలకు చచ్చిపొమ్మని ఎవరూ చెప్పక్కర్లేదట. బతకమని ఎవరూ చెప్పకపోతే చాలు. కత్తెర్లు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. పక్కవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే కబుర్లు గ్రాహకాల మీద వాలుతున్నంతసేపూ అవి ఒరలో ఉంటాయి. తన చోటు వదిలి వేరేచోటికి పోయిన కణానికి ఆ కబుర్లు అందవు, అక్కడ అది నిలవదు. శరీరంలో ఎక్కడి కణాలు అక్కడే ఉండడానికి ఇదొక కారణం. ఒంట్లో కణం బతకడమనేది దాని సొంత వ్యవహారం కాదన్నమాట.

కాన్సరు కణం ఇక్కడే మోసం చేస్తుంది. చావమన్న కబురుకి చెవుడు తెచ్చుకుంటుంది, లేదా బతకమన్న కబురు తనకి తనే చెప్పుకుంటుంది. బీసీఎల్-2 అనే ప్రోటీను కణాన్ని చావనివ్వదని 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్ చూపించాడు. కొన్ని కాన్సర్లలో అది మోతాదుకు మించి ఉంటుంది. రొమ్ము కాన్సర్లలో సుమారు అయిదారింట ఒకదానిలో, పెరగమనీ బతకమనీ చెప్పే హెర్-2 అనే గ్రాహకాలు కణం గోడ నిండా కిక్కిరిసి ఉంటాయి. వాటిని మూసే మందు 1998లో అమెరికాలో వచ్చింది. రిపోర్టులో హెర్-2 పాజిటివ్ అని చూసి కంగారుపడే ఆడవాళ్ళకు ఇప్పుడు చెప్పడానికి ఒక మందుందంటే ఆ గ్రాహకం సంగతి తెలియడం వల్లనే.

మళ్ళీ సుబ్బారావుగారి మందుకు వద్దాం. మెథోట్రెక్సేట్ కణాన్ని చంపుతుందని అలవాటుగా అంటాం. అది చేసేది కణానికి డీఎన్‌ఏ దినుసులు అందకుండా చెయ్యడం. నకలు సగంలో ఆగిపోయి, డీఎన్‌ఏ చెడిందని కణమే గ్రహిస్తుంది. గ్రహించి కత్తెర్లు తీసుకుంటుంది. చావు దస్తూరీ కణానిదే. ఫార్బర్ పిల్లల్లో జబ్బు మొదట తగ్గిందంటే ఆ కణాలకు ఇంకా కాస్త వినికిడి ఉండబట్టి. తిరగబెట్టినప్పుడు మిగిలినవి నకిలీని లోపలికి రానివ్వనివో, వచ్చినా చావడం మరిచిపోయినవో. అందుకే తరవాతి డాక్టర్లు ఒక్క మందుతో ఆగక, నాలుగైదు మందులు కలిపి ఏళ్ళ తరబడి ఇవ్వడం నేర్చుకున్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ల్యుకేమియా రకానికి మంచి ఆస్పత్రుల్లో ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. ఆ మందుల చీటీలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

ఒంటరిగా అది గెలిచిన యుద్ధం ఆడవాళ్ళది. ముత్యాల గర్భం అని వినే ఉంటారు. బిడ్డ బదులు మాయ గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. అరుదుగా అది కాన్సరుగా మారి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. పూర్వం అలా పాకితే ఆశ వదులుకోవడమే. మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే ఇద్దరు 1956లో మెథోట్రెక్సేట్‌తో దాన్ని తగ్గించినట్టు ప్రకటించారు. గడ్డలు కనిపించకపోయినా, మూత్రంలో గర్భపు హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. అనవసరంగా విషం ఇస్తున్నావని ఆ మొండితనానికి ఉద్యోగం పోగొట్టుకున్నాడు పాపం. ఆయన చెప్పినట్టు పూర్తిగా మందు పడిన ఆడవాళ్ళు బతికి బట్టకట్టారు. 1972లో ఇద్దరికీ లాస్కర్ బహుమతి వచ్చింది.

కప్పతోక చావడానికి పని చెయ్యాలని మొదట్లో అన్నాను. పని అన్నాక చిల్లర కావాలి కదా! 1997లో జర్మనీలో ఒక బృందం, జపానులో ఇంకో బృందం, విడివిడిగా ఒకే సంగతి తేల్చాయి. కబురు అందినప్పుడు కణంలో సరిపడా ఏటీపీ ఉంటే అది ఒద్దికగా మూటలు కట్టుకుని పోతుంది. ఏటీపీ అయిపోయి ఉంటే అదే కబురుకి ఉబ్బి పగిలి, పక్కవాళ్ళని కూడా ఇబ్బంది పెట్టి పోతుంది. సుబ్బారావుగారు కండరాల కదలిక కోసం వెతికి పట్టుకున్న పదార్థం, కణం ఎలా పోవాలో కూడా నిర్ణయిస్తోంది.

అంతటితో కూడా అయిపోలేదు. 2009లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో కోడి రవిచంద్రన్ బృందం, చావబోయే కణం కాస్త ఏటీపీని బయటికి వదులుతుందని కనిపెట్టింది. ఒంట్లో ఊడ్చి శుభ్రం చేసే కణాలు తిరుగుతూ ఉంటాయి, వాటి గోడ మీద ఏటీపీని పట్టుకునే గ్రాహకాలున్నాయి. ఆ వాసన పట్టుకుని అవి వస్తాయి. అంటే, "నేను పోతున్నాను, వచ్చి తీసుకెళ్ళండి" అని పోయే కణం పంపే కబురు కూడా ఏటీపీయే. ఫిస్కే, సుబ్బారావుల ప్రకటన వచ్చిన 1929కీ దీనికీ మధ్య ఎనభై ఏళ్ళు.